మొగిలి కనుమలో రివర్సు వెయ్యకూడని కారు

పోయిన నెల బెంగళూరు నుంచి భార్యాభర్తలిద్దరు నాకు మెయిలు పంపారు. ఓవర్‌డ్రైవ్ ఉన్న పాత ఇంగ్లీషు కారు ఒకటి కొన్నారట. తిరుపతిలో దర్శనం చేసుకుని, చిత్తూరు మీదుగా పలమనేరు దాకా అందులోనే రావాలని వాళ్ళ సరదా. మొగిలి ఘాటు ఎక్కుతుందా, దారిలో తెలిసిన మెకానిక్కులు ఉన్నారా, ఎంతసేపు పడుతుంది అని అడిగారు. ఎక్కుతుందండీ, శుభ్రంగా ఎక్కుతుంది. నూటపది కిలోమీటర్ల చిల్లర దూరం, ఇప్పటి రోడ్ల మీద ఆగుతూ పోయినా మూడు గంటలు చాలు. కానీ ఆ రెండు ముక్కలు రాసి ఊరుకోవడం నాకు చేతకాలేదు. ఎనభైల మొదట్లో ఒక మంగళవారం నాడు అదే దారిలో, అలాంటి కారులోనే నేను పడ్డ అవస్థ మీకు ముందే తెలిస్తే మంచిదనిపించింది. అందుకని వాళ్ళతోపాటు ఆ దారిన పోయే మీ అందరికీ వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే తిట్టుకోండి గానీ మధ్యలో వదలకండి, అసలు సంగతి చివర్లో ఉంది.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఫిజిక్సులో డిగ్రీ, బీఎడ్ చేతిలో పెట్టుకుని నాలుగేళ్ళుగా తిరుపతిలో ఇంటి వసారాలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. పలమనేరు దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో సైన్సు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. వచ్చే జనవరితో నాకు వయోపరిమితి దాటిపోతుంది, ఆ తర్వాత ఎవరూ నా దరఖాస్తు తీసుకోరు. అంటే అదే ఆఖరి అవకాశం. పిలుపు ఉత్తరం దసరా సెలవుల్లో ఎక్కడో పోస్టు మూటలో ఇరుక్కుని, సోమవారం సాయంత్రం ఐదింటికి మా గుమ్మంలో పడింది. ఇంటర్వ్యూ మంగళవారం పొద్దున పదకొండింటికి! పైగా సోమవారం అర్ధరాత్రి నుంచి బస్సుల సమ్మె. నేను ఉత్తరం పట్టుకుని అలా కూలబడిపోతే మా నాయన లోపలికెళ్ళి గోడకు వేలాడే కారు తాళాలు తెచ్చి నా ముందు పెట్టాడు. "కారుండగా బస్సు ఎందుకమ్మా?" అన్నాడు.

నాయన గురించి, ఆ కారు గురించి చెప్పాలి. ఆయన కొండమీది కొలువులో స్టోర్సు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఏ పని చేసినా నిండుగా చేస్తాడు, ఎవరినీ అడగడు, తప్పయిందని ఒప్పుకోవడం ఆయన జన్మలో లేదు. కార్వేటినగరంలో ఒక పాత బంగళావాళ్ళు అమ్మేస్తుంటే ఆ కారు కొన్నాడు. దానితోపాటు ఇంగ్లీషులో రిపేరు పుస్తకం ఒకటి వచ్చింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకని నేను ఆరో తరగతి నుంచి ఆ పుస్తకం చదివి తెలుగులో చెప్తుంటే, ఆయన స్పానరు పట్టుకుని చేసేవాడు. మా ఊళ్ళో మిగతా ఆడపిల్లలు సంగీతం నేర్చుకుంటున్న వయసులో నేను గేర్‌బాక్సు నేర్చుకున్నాను.

ఆ కారుకు మూడే గేర్లు. ఓవర్‌డ్రైవ్ నాలుగో గేరు లాంటిది. స్టీరింగు పక్కనున్న చిన్న మీట నొక్కితే ఇంజను నెమ్మదిస్తుంది, కారు మాత్రం అదే వేగంతో పోతుంది, పెట్రోలు మిగులుతుంది. మీట నొక్కగానే రెండు చప్పుళ్ళు వినిపించాలి. మొదట డాష్‌బోర్డు కింద రిలే అనే చిన్న డబ్బాలోంచి 'టిక్'. వెంటనే కాళ్ళ కింద గేర్‌బాక్సు పక్కన, కరెంటు తగలగానే ఓవర్‌డ్రైవ్‌ను పట్టించే సోలనాయిడ్ నుంచి 'ఠక్'. రిలే అంటే మీట చెప్పిన మాట విని సోలనాయిడ్‌కు కరెంటు వదిలే కావలివాడు. మీట తీసేసినప్పుడూ ఆ రెండు చప్పుళ్ళే రావాలి. ఇవి చెవిలో పడితే అంతా బాగున్నట్టు, పడకపోతే ఏది పడలేదో దాన్ని బట్టి రోగం పట్టుకోవచ్చు. ఇంకొక సంగతి ఆ పుస్తకంలో నల్లటి పెద్ద అక్షరాలతో ఉండేది: ఓవర్‌డ్రైవ్ పట్టి ఉండగా రివర్సు వెయ్యకూడదు. వేస్తే లోపలి చక్రాలు ఒకదానితో ఒకటి బిగుసుకుని పగిలిపోతాయి, ఇక కారు ముందుకూ పోదు. న్యూట్రల్‌లో పెట్టి వెనక్కి తోసినా అదే గతి. ఈ వాక్యం నాయనకు కనీసం ఇరవైసార్లు చదివి వినిపించి ఉంటాను.

మంగళవారం ఆరుంబావుకు బయల్దేరాం. అమ్మ పులిహోర మూట, నీళ్ళ బిందె వెనకసీట్లో పెట్టింది. నేను కొత్త నేత చీర కట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని, కాంతి పాఠాలు వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. రాత్రి వాన పడిందేమో రోడ్డు తడిగా ఉంది. ఏడు కాకముందే చంద్రగిరి దాటాం. అక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది, నాయన మీట నొక్కాడు. 'టిక్' వచ్చింది, 'ఠక్' రాలేదు. మళ్ళీ నొక్కాడు. అదే సంగతి. టిక్ వచ్చి ఠక్ రాలేదంటే రిలే కదులుతోంది గానీ కరెంటు అవతలికి పోవడం లేదన్నమాట. ఆ మాట నేను అనేలోపే నాయన పిడికిలి బిగించి డాష్‌బోర్డు కింద ఒక్క గుద్దు గుద్దాడు. 'ఠక్' అంది. ఇంజను హాయిగా మెత్తబడింది. చూశావా అన్నట్టు నావైపు చూసి మీసం లేని చోట చెయ్యి వేసుకున్నాడు. నేను నవ్వి మళ్ళీ కాంతి పాఠాల్లో తల దూర్చాను. దూర్చకుండా ఉండాల్సింది.

ఎనిమిదికి పూతలపట్టులో టీకి ఆగాం. నలభై పైసల టీ, గాజు గ్లాసులో, నురుగుతో, చాలా బాగుంటుంది. టీ తాగి ఎక్కితే మొదటి గేరులో కారు కదలనని మొండికేసింది. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. క్లచ్చు అరిగినట్టుందని నాయన. నాకది క్లచ్చు అనిపించలేదు. మీట తీసి చూడమన్నాను. తీశాడు. టిక్ లేదు, ఠక్ లేదు. అంటే ఓవర్‌డ్రైవ్ పట్టినది పట్టినట్టే ఉంది, విడవలేదు. అందుకే మొదటి గేరు అంత బరువు. కారు ముందు టీ బంకు వాళ్ళ బెంచీ అడ్డంగా ఉంది. నాయన చెయ్యి రివర్సు వైపు పోయింది. వద్దన్నాను. బంకు అతన్ని బతిమాలి, బెంచీ మీద కూర్చున్న నలుగురినీ లేపి, బెంచీ జరిపించి, ముందుకే పోనిచ్చాం. ఆ నలుగురూ మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నామం పెట్టుకున్న పెద్దాయనకు కారు వెనక్కి తిప్పడం రాదు పాపం అనుకుని ఉంటారు.

చిత్తూరు చేరేసరికి దాదాపు తొమ్మిది. పాత ఇంగ్లీషు కార్లకు ఆ జిల్లాలో మునిరత్నం అనే మెకానిక్కు ఉండేవాడు. నెమ్మదైన మనిషి, మాట తక్కువ, చేతులు శుభ్రం. నేను సంగతంతా చెప్పాను. ఆయన ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, తర్వాత కారు కింద దూరాడు. ఏ కారు కిందికి దూరినా ముందు బ్యాటరీ తీసెయ్యడం ఆయన పద్ధతి, మంచి పద్ధతే. కానీ ఆ రోజు అదే మా కొంప ముంచింది. కరెంటు పోగానే, దాన్ని పట్టి ఉంచినదేదో వదిలేసింది. డాక్టరు ఎదురుగా కూర్చోగానే నొప్పి మాయమైనట్టు, ఆయన కిందికి దూరేసరికి అన్నీ సవ్యంగా కదులుతున్నాయి. గేర్‌బాక్సు ఆయిలు చూశాడు, సరిగ్గా ఉంది. సోలనాయిడ్ కడ్డీ కొంచెం వదులుగా ఉందని బిగించాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నాయనను ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ మధ్య దీనికి ఏమైనా పని జరిగినాదా సామీ?"

"ఏ పనీ జరగలేదప్పా. ఆయుధపూజ చేసినాము, అంతే."

"పూజే గదా, మంచిదే," అన్నాడు మునిరత్నం. నేనూ అక్కడే నిలబడి తల ఊపాను. ఆ పూజలో హారతి పళ్ళెం పట్టుకున్నది నేనే. ముగ్గురం ఆ మాట చెవులారా విన్నాం, ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. పూజను పని కింద లెక్కేసే బుద్ధి మాకెవరికీ పుట్టలేదు.

బ్యాటరీ తగిలించి, వేలూరు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూశాడు. టిక్, ఠక్. తీస్తే మళ్ళీ టిక్, ఠక్. గడియారంలా పలికింది. పదిహేను రూపాయలు తీసుకున్నాడు. మేము అక్కణ్ణుంచి కదిలేసరికి పది దాటింది. ముందు నలభై కిలోమీటర్ల పైన దారి ఉంది, అందులో ఘాటు. యాభై నిమిషాల్లో చేరడం కష్టమని నాకు తెలుసు, నాయనకూ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. నా అరచేతుల చెమటకు ఫైలు అట్ట మెత్తబడింది. బంగారుపాళ్యం దగ్గర రోడ్డు తిన్నగా దొరికింది. అప్పుడు నేనొక మాట అన్నాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఇక్కడ రాస్తున్నాను. నాయన ఆ ఉదయానికి ఇక ఓవర్‌డ్రైవ్ జోలికి పోకూడదని అప్పటికే తీర్మానించుకున్నాడు. నేనే ఆగలేకపోయాను. మునిరత్నం బాగు చేశాడు కదా, టైము పోతోంది, వెయ్యమన్నాను. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి మీట నొక్కాడు. టిక్, ఠక్. కారు పరిగెత్తింది. నా మనసు తేలికపడింది.

మొగిలి దాటగానే ఎత్తు మొదలవుతుంది. ఇప్పుడు ఆ దారి వెడల్పు చేశారు గానీ అప్పట్లో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో రెండు లారీలు ఊపిరి బిగబట్టి తప్పుకునేంత రోడ్డు. ఎత్తు రాగానే నాయన మీట తీశాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కి తీశాడు. లేదు. మునిరత్నం దగ్గర మాయమైన రోగం తిరిగొచ్చింది. ఇంజను రొప్పుతూ ఎక్కుతోంది, వేడి ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. ఆగితే మళ్ళీ కదలదేమోనని ఆపలేదు. రెండో మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక లారీ ఇరుసు విరిగి సగం రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. మిగిలిన సగంలోంచి పై నుంచి దిగే లారీ ఒకటి మూతి ముందుకు పెట్టి వచ్చేసింది. దాని వెనక వరసగా ఇంకా లారీలు. మేము ఆ సందు మొదట్లో ఇరుక్కున్నాం. మా వెనక పది గజాల్లో రోడ్డు కొంచెం వెడల్పుగా ఉంది. కారు ఆ పది గజాలు వెనక్కి పోతే అందరికీ దారి. టైము పదకొండుకు ఐదు నిమిషాలు.

హారన్లు మొదలయ్యాయి. లారీ క్లీనర్లు దిగి చేతులు ఊపుతున్నారు. ఒకతను మా బానెట్టు మీద చరిచాడు. మా వెనక లోయ వైపు పిట్టగోడ కూడా లేదు, నాలుగు సున్నం కొట్టిన రాళ్ళు తప్ప. అంతమంది అరుస్తుంటే నాయనకు చెమటలు పట్టాయి. జీవితంలో ఎవరితోనూ మాట పడని మనిషి. గేరు మీట పట్టుకుని రివర్సుకు లాగబోయాడు. నేను రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"వద్దు నాయనా. పగిలిపోతాది. ఇంగ ఈడనే ఉండిపోతాం."

తాళం తిప్పి ఇంజను ఆపేశాను. లాభం లేదు. మా కారులో రిలేకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే వచ్చేలా నాయన ఎప్పుడో వైరు మార్చాడు, తాళం తీసినా ఆగదు. ఎదురు లారీ డ్రైవరు దిగి వచ్చాడు. భారీ మనిషి, భుజం మీద ఎర్ర తువ్వాలు. నాయన కిటికీ దగ్గర వంగి, "ఏంది సామీ, పది గజాలు ఎనక్కి పోతే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు. కారు వెనక్కి పోకూడదని, పోతే గేర్‌బాక్సు పగులుతుందని, పగిలితే ఈ కారును ఇక్కణ్ణుంచి జరపడం ఎవరివల్లా కాదని, అప్పుడు ఆయన లారీ కూడా సాయంత్రందాకా ఇక్కడే ఉంటుందని నేను గడగడా చెప్పాను. తోస్తామన్నాడు. తోసినా అంతేనన్నాను. ఆడపిల్ల గేర్‌బాక్సు గురించి చెప్పడం ఆయన ఎప్పుడూ విని ఉండడు. కాసేపు నా మొహం చూసి, సరే ఐదు నిమిషాలు చూస్తానని బీడీ వెలిగించాడు.

ఐదు నిమిషాలు! నేను కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని కారులో కింద వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందికి తల పెట్టాను. మీట తీస్తే టిక్ రాలేదంటే తప్పు గేర్‌బాక్సులో లేదు, రిలేలోనే ఉంది. అది నాకు పొద్దునే తట్టాలి. చంద్రగిరిలో గుద్దు గుద్దినప్పుడే తట్టాలి. రిలే మూత ఎప్పుడో పోతే నాయన బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి మూత చేసి రాగి తీగతో కట్టాడు. వేళ్ళతో ఆ తీగ విప్పాను. రేకు వేడిగా ఉంది. మూత ఊడి నా గుండెల మీద పడింది.

లోపలంతా ఎర్రగా ఉంది. గంధంలో తడిపిన కుంకుమ, గట్టిగా ఎండిపోయి, రెండు రాగి నాలుకలు వచ్చి తగులుకునే చోట సరిగ్గా మధ్యన గుండ్రంగా పెట్టిన బొట్టు. బొట్టు నడుమ కాలి నల్లబడింది. పొద్దున అది కరెంటును అవతలికి పోనివ్వలేదు. గుద్దు తగిలాక నిప్పురవ్వ పుట్టి, నాలుకలు కాలి ఒకదానికొకటి అతుక్కున్నాయి. మునిరత్నం బ్యాటరీ తీశాక కుదుపుకు విడిపోయి, బంగారుపాళ్యం దగ్గర నేను వెయ్యమన్నాక మళ్ళీ అతుక్కున్నాయి. నేను తల బయటపెట్టి నాయనను అడిగాను.

"పూజలో దీని లోపల కూడా బొట్టు పెట్టినావా నాయనా?"

నాయన వంగి చూశాడు. "దాని ప్రాణం ఆడనే గదమ్మా ఉండేది," అన్నాడు నెమ్మదిగా. ఆ మాటకు నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. బొట్టు రాలిపోకుండా గంధంలో కలిపి, మూత విప్పి, లోపలి నాలుకను వెతికి మరీ పెట్టాడు. నా దారి బాగుండాలనే పెట్టాడు. నేను గీకబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పని మీద పోతూ బొట్టు తుడవకూడదమ్మా అన్నాడు. వాదించే టైము లేదు. బొట్టు జోలికి పోకుండా సోలనాయిడ్‌కు పోయే వైరు పట్టుకుని లాగేశాను.

కాళ్ళ కింద 'ఠక్' అంది.

నేను లేచి కూర్చుని, ఇప్పుడు వెయ్యి నాయనా అన్నాను. నాయన ఇంజను స్టార్టు చేసి, కాసేపు ఆగి, గోవిందా అని రివర్సు వేశాడు. లారీ డ్రైవరు బీడీ పారేసి మా వెనకాల నిలబడి, లోయ ఎంత దూరముందో చేత్తో కొలిచి చూపిస్తూ పది గజాలూ వెనక్కి తెచ్చాడు. దిగే లారీలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. అవన్నీ పోయేసరికి పదకొండున్నర దాటింది. ఆ తర్వాత ఘాటు ఎక్కేశాం. పలమనేరు చల్లగాలి మొహాన కొట్టింది. ఎప్పుడూ హాయిగా ఉండే గాలి, ఆ రోజు ఒళ్ళు వణికించింది.

బడి చేరేసరికి పన్నెండూ పది. ఆఫీసు గుమాస్తా నా పేరు మూడుసార్లు పిలిచామని, జాబితా మూసేసి సంతకాలు కూడా అయిపోయాయని చెప్పి తన పనిలో పడ్డాడు. నేను బస్సుల సమ్మె అన్నాను, ఉత్తరం ఆలస్యం అన్నాను, లారీ అన్నాను. అతను తల ఎత్తలేదు. నా గొంతు లేచింది. ఆ గోలకు లోపలి గదిలోంచి పెద్ద టీచరమ్మ బయటికొచ్చింది. తెల్ల చీర, కళ్ళద్దాలు, నవ్వు లేని మొహం. అందరూ సమ్మెలోనే వచ్చారమ్మా, తొమ్మిదిమంది టైముకే వచ్చారు అంది. అప్పుడు నా వెనక వాకిట్లో నిలబడ్డ నాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"అమ్మా, ఈ బిడ్డ ఆరు గంటలకే బయల్దేరినాది. లేటు చేసింది నేను. కారులో బొట్టు పెట్టకూడని చోట బొట్టు పెట్టినాను. అది తెలిసిన బిడ్డ ఇంట్లోనే ఉండాది. నేను అడగలేదు. తప్పు నాది."

నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన నోట ఆ ఆఖరి మాట వినడం అదే మొదటిసారి, అదీ పరాయి ఆఫీసులో, గుమాస్తా ముందు. బంగారుపాళ్యం దగ్గర వెయ్యమన్నది నేనని చెప్పాలి. చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

బొట్టుకూ కారుకూ ఏమిటి సంబంధం అని పెద్ద టీచరమ్మ అడిగింది. బిడ్డనే చెప్తాది అని నాయన పక్కకు తప్పుకున్నాడు. నేను పిలుపు ఉత్తరం వెనక్కి తిప్పి, మీట, రిలే, సోలనాయిడ్ బొమ్మ గీసి, కుంకుమ ఎక్కడ పడితే ఏమైందో చెప్పాను. నా వేళ్ళకు అంటిన ఎరుపు కాగితం నిండా అయింది. ఆమె ఆ కాగితం తీసుకుని, భోజనాలయ్యాక ఆఖరున పిలుస్తాం, కూర్చోండి అని లోపలికెళ్ళిపోయింది. మేము వరండాలో పులిహోర తిన్నాం. రెండింటికి పిలిచారు. అద్దాలు, కటకాలు, పాఠం ఎలా చెప్తావు అన్నవే అడిగారు, రిలే మాట ఎవరూ ఎత్తలేదు. బాగానే చెప్పాననుకుంటాను.

తిరుగు దారిలో ఓవర్‌డ్రైవ్ వైరు ఊడదీసి ఉంచాం. అది లేకపోయినా కారు చక్కగా నడుస్తుంది, కంగారు పడకండి. ఘాటు మాత్రం రెండో గేరులోనే దిగండి. మొగిలిలో నాయన కారు ఆపమనకుండానే ఆపాడు. బ్యాటరీ వైరు తనే తీసి, ఉత్తరీయం కొస తడిపి, రిలే లోపల గోటితో గీకి ఎరుపంతా కాగితం ముక్కలోకి తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిత్తూరులో మునిరత్నానికి సంగతి చెబితే నుదురు కొట్టుకుని, "పూజ అని నువ్వు చెప్పినావు సామీ, యాడ యాడ పెట్టినావని నేనే అడగలేదు," అన్నాడు. ఎనిమిదికి ఇల్లు చేరాం. పదిరోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆ బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను.

ఆ రోజు ఒక్క వైరుతో బయటపడ్డామని నేను చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. నిజానికి నన్ను ఆ గదిలో కూర్చోబెట్టింది వైరు కాదు, నా తప్పు కూడా తన మీద వేసుకుని వాకిట్లో చెప్పులు విడిచిన మనిషి. ఆ సంగతి ఆయనతో ఒక్కసారైనా అనాల్సింది. ఇద్దరికీ తెలుసులే అనుకుని ఏళ్ళు గడిపేశాను, ఇప్పుడు అందామంటే ఆయన లేడు.

ఇక మీ ప్రయాణానికి నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే. తిరుపతిలో కారుకు పూజ చేయిస్తారు కదా, చేయించుకోండి. బొట్టు మూతల మీద పెట్టండి, మూత లోపల పెట్టకండి. ఎక్కడ పెట్టొచ్చో తెలియకపోతే ఇంట్లో కారు తెలిసిన మనిషిని అడగండి. మా నాయన ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ కుంకుమ గిన్నె పట్టుకుని నా కోసం ఆగేవాడు. బానెట్టు ఎత్తి, ఒక్కొక్క దాని మీద వేలు ఆనించబోయి, నావైపు తిరిగి అడిగేవాడు: "ఈడ పెట్టొచ్చునా అమ్మా?"